జేజి ఆయుష్షు, పాలకోడు రగ్బీ

ధర్మపురి వెళ్తున్నాను అనగానే మా ఆవిడ నూట పదహార్లు పసుపు గుడ్డలో మూటగట్టి చేతిలో పెట్టింది, నరసింహస్వామి హుండీలో వేసి రమ్మని. పక్కింటావిడ ఖాళీ సీసా తెచ్చిచ్చింది, గోదావరి నీళ్ళకి. అమ్మా, ఆ ధర్మపురి తెలంగాణలో ఉంది, నేను పోయేది తమిళనాడులో ఉన్న ధర్మపురి జిల్లాకి, అక్కడ గోదావరి లేదు, నన్ను పిలిచింది దేవుడూ కాదు, రగ్బీ వాళ్ళు అని చెప్పాను. పక్కింటావిడ సీసా తీసుకుని వెళ్ళిపోయింది. మా ఆవిడ మాత్రం మూట వెనక్కి తీసుకోలేదు. "అక్కడ మాత్రం ఏదో ఒక దేవుడు ఉండకపోడుగా" అంది.

రగ్బీ తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని అవతలి గీత దాకా పరుగెత్తాలి. గీత దాటితే అయిదు పాయింట్లు, ఆపైన బంతిని గోల్ కర్రల మధ్య నుంచి తన్నితే ఇంకో రెండు. ఎదుటి జట్టు వాళ్ళు నడుం పట్టుకుని కింద పడేస్తారు. బంతిని ముందుకు విసరకూడదు, పక్కవాడికో వెనకవాడికో అందించాలి. అసలు ఆట పదిహేను మందిది, కానీ మన దేశంలో పదిహేను మందిని ఒక చోట చేర్చడం కష్టం కనక ఎక్కువగా ఏడుగురి ఆటే ఆడతారు.

నాకు ఇది ఎలా అంటుకుందంటే, చీరాల దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేశాను. ఒక వేసవిలో పైనుంచి కాగితం వచ్చింది, రగ్బీ రెఫరీ శిక్షణకు స్కూలుకొకరిని పంపమని. స్కూల్లో ఎవరు లేకపోయినా ఇబ్బంది లేదా అని మా హెడ్మాస్టరు చూశాడు, నేను కనిపించాను. మూడు రోజులు ఎండలో పరుగెత్తించి సర్టిఫికెట్టు ఇచ్చారు. అది బీరువాలో ఉండగానే నేను రిటైరయ్యాను. ఆ శిక్షణలో నాతోపాటు ఉన్నవాళ్ళెవరో నా నంబరిచ్చారట. ఒకరోజు ఫోను మోగింది.

"సార్, మా పక్క మీకు చుట్టాలెవరన్నా ఉండారా?"

నేను నా పెన్షను గురించి ఎవరో అడుగుతున్నారనుకుని జాగ్రత్తగా "లేరమ్మా" అన్నాను.

"రొంబ సంతోషం సార్. అట్లయితే మీరే రావల్ల."

ఆమె పేరు రేణుక. పాలకోడు దగ్గర మహేంద్రమంగళం. ఆడపిల్లల రగ్బీ క్లబ్బు ఒకటి నడుపుతోంది, జీతం లేదు, భత్యం లేదు, అంతా స్వచ్ఛందం. వాళ్ళ లీగులో రెండు జట్లకీ చుట్టం కాని రెఫరీని తెచ్చుకోవాలని నిబంధన. ఆ జిల్లాలో ఈ ఆట తెలిసిన నలుగురూ ఎవరికో ఒకరికి బావలో మామలో అయ్యారట. "రానుపోను చార్జీలు మీవే సార్, సాపాటు మాది" అంది. ఆ ధైర్యానికే నేను ఒప్పుకున్నాను.

పాలకోడు, శుక్రవారం

హోసూరు నుంచి బస్సు. పక్క సీటులో ఒక రైతు, తెల్ల పంచె, భుజాన తువ్వాలు. నేను చదువుతున్న వారపత్రికను తొంగి చూసి, "తెలుగా?" అన్నాడు. తెలుగే అన్నాను. "మేమూ తెలుగోళ్ళమే. ఇంట్లో మాట్లాడేదంతా ఇదే. చదివేది మాత్రం రాదు, ఇస్కూల్లో తమిళమే నేర్పినారు" అన్నాడు. తన బస్సు టిక్కెట్టు నా చేతిలో పెట్టి, దాని వెనక తన పేరు తెలుగులో రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదా నేను!" అని నవ్వి జేబులో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు కండక్టరు టిక్కెట్టు అడిగితే మొదట జేబులోంచి తియ్యనే లేదు.

పాలకోడు బస్టాండులో దిగితే ఎటు చూసినా టమోటా పెట్టెలు. ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, ఒకాయన మోపెడ్ మీద ముందు రెండు వెనక రెండు. ఆ వారం ధర బాగా లేచింది. ఊరంతా ఖుషీగా ఉంది. టీ కొట్టాయన నాకు చిల్లర సర్దుతూ వేరే ఎవరితోనో ధర చెప్పి ముచ్చటపడి, నాకు రెండు రూపాయలు ఎక్కువే ఇచ్చాడు. ఆ ఊళ్ళో ఆరోజు మొహం మాడ్చుకున్న మనిషి ఒక్కతే, నా కోసం వచ్చిన రేణుక.

ముప్పై రెండేళ్ళు ఉంటాయి. పాల కేంద్రంలో వెన్న శాతం చూసే ఉద్యోగం. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, కింద ట్రాక్ ప్యాంటు, కాళ్ళకు స్పైకు బూట్లు. నమస్కారం పెట్టి, సంచీ లాక్కుని, మొదటి మాటగా, "టమోటా రేటు ఏరింది సార్" అంది, అంటే పెరిగిందని, ఎవరికో ఒంట్లో బాగాలేదన్నట్టు.

మెస్సులో కూర్చోబెట్టి సంగతి చెప్పింది. క్లబ్బుకు ఆడేవాళ్ళు తొమ్మండుగురు. ధర లేస్తే తొమ్మండుగురూ కోతకు పోతారు, పోకపోతే ఇంట్లో ఊరుకోరు. మొదటి మ్యాచికి అలాగే జట్టు దిగలేదు. రెండో మ్యాచికి వేరే కారణం, అది తర్వాత చెప్తానంది. వరసగా మూడోసారి దిగకపోతే లీగు పుస్తకంలోంచి పేరు కొట్టేస్తారు. దిగి మధ్యలో వెళ్ళిపోయినా అంతే. మళ్ళీ చేరాలంటే మూడేళ్ళు ఆగాలి. మూడో మ్యాచి ఎల్లుండి ఆదివారం, ఏ. పళ్లిపట్టి వాళ్ళతో.

"మూడేండ్లంటే ఏమంత, మళ్ళీ మొదలుపెట్టొచ్చు" అన్నాను, బయటివాడికి ఉండే ఉదారత్వంతో.

"మూడేండ్లకు వీళ్ళు ఈడ ఉంటారా సార్? ఒక్కొక్కరు ఒక్కొక్క ఊర్లో బిడ్డనెత్తుకోని ఉంటారు. నేను మళ్ళీ ఒక్కో ఇంటికి పోయి, మీ పిల్లను పంపండి, కాలు విరిగితే నేను చూసుకుంటానని చెప్పల్ల. నాకు ఇంక ఓపిక లే" అంది. నేను ముద్ద వంక చూస్తూ కూర్చున్నాను.

ముద్ద అంటే రాగి ముద్ద. అక్కడ కొందరు కళి అంటారు. మా వైపు ఉలవచారుని పెళ్ళిళ్ళలో మీగడ వేసి గొప్పగా వడ్డిస్తాం. ఇక్కడ ఉలవల చారు రోజువారీ సరుకు, గరిటెలు గరిటెలు పోస్తారు, ఎవడూ మెచ్చుకోడు. ముద్దను నమలకూడదు, మింగాలి అని ఎవరూ నాకు చెప్పలేదు. నేను నమిలాను. ఎదురు బల్ల మీద ముసలాయన తన భోజనం ఆపి, నేను ముగించేదాకా జాలిగా చూశాడు. ఎనభై రూపాయలు, అదీ రేణుకే ఇచ్చింది.

మహేంద్రమంగళం, అదే సాయంత్రం

బస్సులో అరగంట. మైదానం అంటే ఊరి బయట బీడు. చివర్న రెండు గుంటలు ఉన్నాయి, గోల్ కర్రలు లేవు.

"కర్రలేవమ్మా?"

"సీమంతానికి పందిట్లోకి తీసకపోయినారు. మా ఇంటి సీమంతమే గదా అని. ఇస్తారు సార్, రేపు."

గీతలూ లేవు. సున్నం చల్లే బాధ్యత క్లబ్బులో ముగ్గురికి అప్పజెప్పారట. ఒక్కరికి అప్పజెప్పి ఉంటే గీతలు పడేవి. ముగ్గురు కావడంతో ప్రతివాళ్ళూ మిగతా ఇద్దరూ వేస్తారని నిశ్చింతగా ఉన్నారు. క్లబ్బుకు అధ్యక్షుడున్నాడు, ఉపాధ్యక్షులు ఇద్దరు, సలహాదారు ఒకాయన. ఆ సాయంత్రం వచ్చినవాడు సలహాదారు ఒక్కడే. గట్టు మీద కూర్చుని, "బంతి గట్టిగా పట్టుకోండి" అని సలహా ఇచ్చి, పొద్దు పోయిందని వెళ్ళిపోయాడు. స్వచ్ఛంద సంస్థలను నేను చీరాలలో కూడా చూశాను కనక నాకు ఇల్లు గుర్తొచ్చింది.

అమ్మాయిలు మాత్రం వచ్చారు. కోత ముగించి, చేతులకు టమోటా ఆకు పసరు నల్లగా పట్టి ఉండగానే వచ్చారు. పద్దెనిమిదేళ్ళ వాళ్ళు కొందరు, పెళ్ళయినవాళ్ళు నలుగురు. ఆట చూసి నేను తెల్లబోయాను. బాగా ఆడతారు. పరుగులో, పట్టులో భయం లేదు. ఒక్కటే చిక్కు. మీద పడి లేచేటప్పుడు ఒకరి కాలు ఒకరికి తగిలితే, తగిలించినావిడ ఆట ఆపి, వంగి ఆమెను తాకి కళ్ళకద్దుకుంటుంది. ఈలోగా బంతి ఎవరికో పోతుంది. పది నిమిషాల్లో పదకొండుసార్లు చూశాను.

"ఇది మానిపించలేవా?" అన్నాను.

"రెండేండ్లుగా చెప్తా ఉండాను సార్. కాలు తగిలితే చెయ్యి తనంతట తనే పోతాది. నాదీ పోతాది" అంది రేణుక.

ఆట అయ్యాక అడిగాను, ఊరు ఇంత పెద్దది, తొమ్మండుగురితోనే ఎందుకు కుస్తీ, ఇంకో పదిమందిని చేర్చుకోవచ్చు కదా అని. అప్పుడు చెప్పింది రెండో మ్యాచికి దిగకపోవడానికి కారణం.

మొదట్లో వేరే ఇళ్ళ పిల్లలూ ఉండేవారట. ఒకరోజు పట్టుకుని పడేసినప్పుడు, కొత్తగా పెళ్ళయిన ఒక పిల్ల చేతి గాజులు రెండూ పగిలాయి. అపశకునమని ఆ ఇంటివాళ్ళు గొడవకొచ్చారు, పెద్దల దాకా పోయింది, క్లబ్బు మూసేయమన్నారు. అప్పుడు రేణుక వాళ్ళ జేజి, అంటే నాయనమ్మ, కర్ర పట్టుకుని పెద్దల దగ్గరకు వెళ్ళి తీర్పు చెప్పిందట. "ఆట నిలిపేది లేదు. ఇంక మా ఇంటి పిల్లలే ఆడుకుంటారు. మా గాజులు మేము పగలగొట్టుకుంటే అడిగేవాడెవుడు?" అని. ఎవరూ అడగలేదు. ఆనాటి నుంచి జట్టంతా జేజి మనమరాళ్ళు, మనమళ్ళ పెళ్ళాలు. అందరూ ఒక ఇంటిపేరు, ఒక వంశం, దాయాదులు.

"మంచి ఏర్పాటే కదా" అన్నాను.

"మంచిదే సార్. ఒకరికి తీట్టు వస్తే అందరికీ తీట్టు" అంది.

తీట్టు అంటే మైల. పోయిన మ్యాచికి రెండు రోజుల ముందు వాళ్ళ దాయాది తాత ఒకాయన పోయాడు. పదకొండు రోజుల మైల. ఒక్కరికి కాదు, జట్టు మొత్తానికి. మైలలో ఉన్న మనిషి ఇంకొకరిని ముట్టుకోకూడదు, వీళ్ళ ఆటేమో ముట్టుకోవడమే. ప్రపంచంలో రగ్బీ జట్లు దెబ్బలు తగిలి, డబ్బుల్లేక, వాన పడి ఆగిపోవడం వింటాం. ఒకే చావుతో ఏడుగురూ, అదనపు ఇద్దరూ ఒకేసారి పనికిరాకుండా పోయే జట్టును నేనెక్కడా వినలేదు.

"సరేలే, ఈసారి అలాంటిదేం లేదుగా?"

రేణుక బూట్ల తాళ్ళు విప్పుతూ తలెత్తలేదు. "జేజి మంచం పట్టింది సార్. రెండు దినాలో మూడు దినాలో అని డాక్టరు ఇంటికి పంపించేసినాడు" అంది.

జేజి మంచం దగ్గర, శనివారం

నా బస రేణుక చిన్నాయన గోవిందప్ప ఇంట్లోనే. జేజి ఆయన తల్లి. కనక శనివారమంతా నేను ఒక వింత చూశాను. సున్నం చల్లడానికి ఒక్కరు దొరకని క్లబ్బు, జేజికి వంతులు వేసుకుని సేవ చేస్తోంది. పొద్దున ఆరింటికి పాలు ఒకరు, ఏడున్నరకు ఎళనీరు ఒకరు, అంటే లేత కొబ్బరి నీళ్ళు. తొమ్మిదికి ఒళ్ళు తుడిచేవాళ్ళు ఇద్దరు. అధ్యక్షుడు స్వయంగా విసనకర్ర పట్టాడు. ఉపాధ్యక్షులు మందుల చీటీ పట్టుకుని పాలకోడు పోయి గంటలో తిరిగొచ్చారు. చెప్పిన వేళకు చెప్పినవాళ్ళు రావడం, మూడేళ్ళ చరిత్రలో ఇదే మొదలట.

ప్రతివాళ్ళూ గుమ్మంలోకి రాగానే "ఎట్లుండాది?" అని అడుగుతున్నారు. ప్రేమ లేదని నేను అనను, ఆ ముసలమ్మంటే వాళ్ళకు ప్రాణం. కానీ అడిగిన వెంటనే కళ్ళు గోడమీద క్యాలెండరు వైపు పోతున్నాయి. ఆదివారం దాటుతుందా అని. ఆ అడగడానికి సిగ్గుపడి, ఇంకో గ్లాసు ఎళనీరు తాగిస్తున్నారు. నాకూ సిగ్గేసింది, ఎందుకంటే నేను కూడా క్యాలెండరు చూశాను.

జేజి గుప్పెడంత మనిషి. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నన్ను దగ్గరకు పిలిచింది.

"నువ్వేనా ఈల ఊదేవాడు?"

"అవునవ్వా."

"మీ ఇంటిపేరేమి?"

చెప్పాను. ఇక్కడ రాయను, ఎందుకంటే ఆ ఒక్క మాటతో నా రెఫరీ ఉద్యోగం ఎలా ఊడబోయిందో మీరే చూడండి. గోత్రం అడిగింది. అదీ చెప్పాను. ముసలమ్మ మొహం వెలిగింది. వంటింట్లోకి కేకేసింది, "రేణుకమ్మా! మీ అమ్మ పుట్టింటోళ్ళు వచ్చినారు చూడు!" అని.

చీరాలకూ ధర్మపురికీ మధ్య ఎన్ని వందల మైళ్ళున్నాయో, ఎన్ని తరాల కిందట ఎవరు ఎటు పోయారో ఆ భగవంతుడికి తెలియాలి. రేణుక తల్లి పుట్టింటి ఇంటిపేరూ మాదీ ఒకటి, గోత్రమూ ఒకటి. నిమిషంలో నేను ఆవిడకు అన్ననయ్యాను, రేణుకకు మేనమామనయ్యాను.

"అవ్వా, నేను రెఫరీని. నాకు ఇక్కడ చుట్టరికాలు ఉండకూడదు."

"చుట్టరికం లేనోడు యాడుంటాడురా? కనుక్కునే దాకా తెలీదు, అంతే" అంది.

పళ్లిపట్టి వాళ్ళకు తెలిస్తే నన్ను దింపేస్తారని గోవిందప్పతో మొరపెట్టుకున్నాను. ఆయన, "వాళ్ళకు యాల చెప్పేది బావా?" అన్నాడు. అప్పుడే బావనైపోయాను.

జేజి అంతటితో ఆగలేదు. అందర్నీ బయటకు పొమ్మని, గోవిందప్పనూ నన్నూ ఉండమంది. మాట్లాడటానికి ఆయాసపడుతోంది, అయినా ఒక్కొక్క మాటే పేర్చి చెప్పింది.

"తీట్టు విన్నప్పటి నించే గదరా?"

విన్నప్పటి నుంచే అన్నాడు గోవిందప్ప. దూరాన ఉన్నవాళ్ళకు అలా అని మా వైపూ అంటారు. మహేంద్రమంగళానికి పాలకోడు దూరమవుతుందా అని నాకు సందేహం వచ్చింది. జేజికి రాలేదు.

"అట్లయితే ఆట అయ్యేదాకా నా పిల్లల చెవిన వెయ్యొద్దండి. ఫోను వీనికి చెయ్యి. వీడు వాళ్ళమ్మ పక్క, మా తీట్టు వీనికి అంటదు. పరాయోనితో చెప్పి పంపించేది బాగుండదు. మామ చెప్తే బాగుంటాది."

అప్పుడు అర్థమైంది నాకు, ఇందాక ఇంటిపేరు ఎందుకు అడిగిందో. పని అప్పజెప్పడానికి నన్ను చుట్టాన్ని చేసుకుంది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, సలహాదారు అంతా కలిసి మూడేళ్ళలో చెయ్యని ఏర్పాటు ఆ ముసలిది మంచం మీంచి చేసింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది.

"నువ్వేం పోవులే అవ్వా, ఆదివారం కాదు, వచ్చే ఏడు మ్యాచి కూడా చూస్తావు" అన్నాను.

"ఈల ఊదేవాడివి అబద్ధాలు చెప్పొచ్చునా?" అంది.

మళ్ళీ పాలకోడు, ఆదివారం

బడి మైదానంలో మ్యాచి. సీమంతం వాళ్ళు గోల్ కర్రలు రాత్రే తిరిగిచ్చారు, ఒకదానికి ఇంకా మామిడాకులు వేలాడుతున్నాయి. సున్నం చివరికి నేనే చల్లాను. గీతలు కొంచెం వంకర పోయాయి, మొదటిసారి కదా.

బయల్దేరేటప్పుడు జేజి మజ్జిగ తాగిందని కబురు. జేజి మాట మీద కోత మానుకుని ట్రాక్టరు ఎక్కిన తొమ్మండుగురూ ఆ మజ్జిగ గురించే మాట్లాడుకుంటూ వచ్చారు, ఎన్ని గుక్కలు, ఎవరు పట్టారు అని. దిగగానే రేణుక ఒక గుడ్డ సంచీ తెరిచి, అందరి ఫోన్లూ ఆపించి అందులో వేయించింది. పళ్లిపట్టి కోచ్ అది చూసి, మంచి క్రమశిక్షణ అని తమిళంలో మెచ్చుకున్నాడు. నా ఫోను మాత్రం గీత పక్కన తువ్వాలు మీద, ఆన్‌లోనే ఉంది.

పళ్లిపట్టి అమ్మాయిలు వ్యానులో వచ్చారు, ఒకే రంగు జెర్సీలు, గట్టి జట్టు. లీగు తరఫున వచ్చినాయన రిజిస్టరు తెరిచి తొమ్మిది సంతకాలు తీసుకున్నాడు. రెఫరీకి ఇరుపక్షాలతో బంధుత్వం లేదు అన్న చోట నేను సంతకం పెట్టాను. పెన్ను సరిగ్గా రాయలేదు, రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది.

ఏడు నిమిషాలు ఒక సగం, రెండు నిమిషాలు విరామం, మళ్ళీ ఏడు నిమిషాలు. మొదటి సగంలో పళ్లిపట్టి వాళ్ళు మూడుసార్లు గీత దాటారు. ఒకసారి దాటింది మనవాళ్ళు కళ్ళకద్దుకుంటుండగా. మన పక్క ఒక్కసారి రేణుకే బంతి పట్టుకుని మైదానమంతా పరుగెత్తి, ముగ్గురిని తప్పించుకుని గీత అవతల పడింది. మనవాళ్ళు అని రాసేశాను చూడండి. కొట్టెయ్యను, ఉండనివ్వండి.

విరామానికి ఈల వేసి నీళ్ళ సీసా కోసం వంగాను. ఫోను మోగింది. గోవిందప్ప.

"అమ్మ పోయింది బావా. ఇప్పుడే" అన్నాడు. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఆట ఎంతసేపుండాది?"

"ఇంకో సగం."

"కానీండి. ఇంట్లో ఎవురూ ఇంకా ఏడవలే. ఏడిస్తే ఊరికి తెలుస్తాది, ఎవడో ఒకడు ఆడికి ఫోను చేస్తాడు. అమ్మ గట్టిగా చెప్పింది గదా. అయినాక ఒక్క మాట చెప్పు బావా, అప్పుడు ఏడుస్తాం."

ఫోను పెట్టేసి తిరిగి చూస్తే ఎదురుగా రేణుక నిలబడి ఉంది. నా మొహంలో ఏం కనిపించిందో, చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమీ చెప్పొద్దు మామా. నేను ఇంకా ఏమీ వినలే."

అని, నోరు కడుక్కుని, మిగతా వాళ్ళ దగ్గరకు పోయి, "ఏమే, పందిట్లో నిలబడినట్టు నిలబడి ఉండారు, నడుం పట్టుకోండి, చీర కొంగులు కాదు!" అని అరిచింది. అందరూ నవ్వారు.

రెండో సగం నేను ఎలా నడిపానో నాకే తెలియదు. ఆ అమ్మాయిలు పడుతున్నారు, లేస్తున్నారు, ఒకరినొకరు తిట్టుకుంటున్నారు, నవ్వుతున్నారు. అక్కడ ఒక ఇల్లు నోట్లో గుడ్డలు కుక్కుకుని కూర్చుని ఉంది. రేణుక అందరికంటే ఎక్కువ పరుగెత్తింది. ఒకసారి కింద పడి లేచేటప్పుడు, తన కాలు ఎవరికీ తగలకపోయినా, నేలను తాకి కళ్ళకద్దుకుంది. మిగతా వాళ్ళు గమనించలేదు.

టైము అయిపోయింది. బంతి ఇంకా ఆటలోనే ఉంది, రగ్బీలో బంతి ఆగేదాకా ఆట ఆగదు. మనవాళ్ళ చేతిలోంచి బంతి ముందుకు జారింది. అది తప్పు, అక్కడ ఈల వేస్తే అయిపోయినట్టే. నేను చూశాను. స్పష్టంగా చూశాను. ఈల నోట్లోనే ఉంది, ఊదలేకపోయాను. నేను ఊదితే వాళ్ళకు జేజి పోతుంది. ఇంకొక్క నిమిషం ఉండనీ అనుకున్నాను. ముప్పై ఏళ్ళలో తెలిసి తెలిసి ఒక పక్షానికి నేను చేసిన ఒకే ఒక్క సాయం అది. ఆ బంతిని పళ్లిపట్టి పిల్ల ఒకతె అందుకుని, నా సాయానికి నాలుగోసారి గీత దాటింది. ఇరవై నాలుగు, అయిదు. అప్పుడు ఊదాను.

లీగాయన రిజిస్టరులో మ్యాచి పూర్తయిందని రాసి, నా చేత సంతకం పెట్టించుకుని, వచ్చే ఏడు కూడా పేరు ఉంటుందని రేణుకతో చెప్పాడు. అది విని అమ్మాయిలు గెలిచిన జట్టు కంటే ఎక్కువ గోల చేశారు. పళ్లిపట్టి వాళ్ళు వచ్చి చేతులు కలిపారు, తెచ్చుకున్న అరటిపండ్ల గెల సగం కోసి ఇచ్చారు. ఎనిమిది మందీ గోల్ కర్ర నీడన కూలబడి పండ్లు వలవడం మొదలుపెట్టారు. పొద్దున నుంచి ఎవరూ ఏమీ తినలేదు.

రేణుక నా దగ్గరకు వచ్చింది. మోచేయి గీరుకుపోయి రక్తం కారుతోంది.

"ఇప్పుడు చెప్పు మామా. వింటాను."

రెండు ముక్కల్లో చెప్పాను. ఆమె తల ఊపింది. పెదవి కరుచుకుని, పిల్లలకు కనపడకుండా వీపు అటు తిప్పి నిలబడింది. విన్నాక ఇంక ఎవరూ ఏమీ తినకూడదు, అది ఇద్దరికీ తెలుసు.

నేను గోవిందప్పకు చెయ్యాలని ఫోను తీశాను. రేణుక నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పండ్లు తినేయనీ మామా" అంది.